వాలునాడులో నీళ్ళు ఎటు పారతాయి

నేను ఒక గుడ్డముక్కను. అలా అంటే మీకు చులకన. పటాన్ని అంటే కాస్త గౌరవం చూపిస్తారు. ఒక దేశం పటాన్ని అంటే దగ్గరికి వచ్చి కళ్ళజోడు సర్దుకుంటారు. ఆ దేశం ఎక్కడుందని అడిగి, ఎక్కడా లేదని తెలియగానే ‘ఓస్, ఇంతేనా’ అని పక్క అద్దంపెట్టె దగ్గరికి జరుగుతారు. మీ సంగతి నాకు బాగా తెలుసు. దగ్గర దగ్గర యాభై ఏళ్ళుగా మిమ్మల్ని గోడ మీద నుంచి చూస్తూనే ఉన్నాను. నాకు ఒళ్ళంతా కోపం, ముందే చెప్పేస్తున్నాను. ఆత్మకథలు చెప్పుకునే పాత నాణేలూ పాత సైకిళ్ళూ చివరికొచ్చేసరికి అందరినీ క్షమించేస్తుంటాయి. నేనలా క్షమించను.

నేను పుట్టింది సీమలో, అంటే ఇంగ్లండులో, ఒక నూలుమిల్లులో. సన్నటి నూలు నేసి, గంజి పట్టించి, ఇనుప రోలర్ల మధ్య నలిపి, కింద ఉన్న గీత పైకి కనిపించేంత నున్నగా చేసి ట్రేసింగ్ క్లాత్ అని పేరు పెట్టారు. లేత నీలం రంగు. ఓడెక్కి, రైలెక్కి, గోదావరి ఒడ్డున ఒక పట్నంలో కాలవల ఆఫీసుకి వచ్చి పడ్డాను. అక్కడ ఇంజనీర్లు కాగితం మీద పెన్సిలుతో కాలవలూ, వాటి నీళ్ళని ఆపి వదిలే లాకులూ గీస్తారు. ఆ కాగితం మీద మమ్మల్ని పరిచి, నల్లసిరాతో అవే గీతలు మా మీదకి ఎత్తుతారు. ఆ పని చేసేవాళ్ళని ట్రేసర్లు అంటారు.

నాతో ఒకే చుట్టలో వచ్చిన ముక్కల గతి చెబితే నవ్వుతారు. మమ్మల్ని వేడినీళ్ళలో నానబెట్టి గంజి వదలగొడితే పట్టులాంటి మెత్తటి గుడ్డ బయటపడుతుందని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ సుందరేశంగారి జేబురుమాళ్ళన్నీ నా తోబుట్టువులే. ఒకసారి పెద్ద లాకు పటం ఒకటి కనిపించకుండా పోయి, నెల తిరిగాక ఓవర్సీరుగారి మనవడి ఒంటి మీద చొక్కాగా తేలింది. చంకలో ఇంకా లాకు తలుపు కొలతలు కనిపిస్తున్నాయని చెప్పుకుని నవ్వారట.

చుట్ట చివర మిగిలిన ముక్కను నేను. రెండు గజాలు ఉంటాను. ఒక అంచు ముడతలు పడి ఉండటంతో ఆఫీసు పనికి పనికిరానని పక్కన పడేశారు. నన్ను ఇంటికి తీసుకెళ్ళింది హైమావతి. ఇరవయ్యేడేళ్ళ మనిషి, ఎనిమిదేళ్ళ సర్వీసు ఉన్న ట్రేసరు, ఇంట్లో తనూ తల్లీ తప్ప ఎవరూ లేరు. ఈవిడ కూడా నన్ను నానబెట్టి రుమాళ్ళు కుట్టుకుంటుంది కాబోలు అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, వీధిగదిలో బల్ల మీద నన్ను పరిచి నాలుగు మూలలా పిన్నులు గుచ్చింది. రూలింగ్ పెన్నులో సిరా పోసింది.

నా కింద ఏ కాగితమూ పెట్టలేదు.

ఇది మీకు చిన్న సంగతిగా కనిపించవచ్చు. ట్రేసరు సొంతంగా ఒక్క గీత గీయకూడదు. ఆ ఉద్యోగానికి అదే మొదటి నియమం, అదే చివరి నియమం. ఇంజనీరు కాలవని తప్పుగా గీసినా ఆ తప్పుని యథాతథంగా ఎత్తాలి. ఎనిమిదేళ్ళు ఇతరుల గీతల మీద నడిచిన చెయ్యి అది. ఆ రోజు పావుగంట సేపు పెన్ను గాలిలోనే ఉండిపోయింది. తర్వాత పడమటి అంచున ఒక కొండ గీసింది.

అలా పుట్టింది వాలునాడు. కల్పన అంటే నోటికొచ్చింది రాసెయ్యడమని మీలో చాలామంది నమ్మకం. ఏనుగుకి రెక్కలు పెట్టి, రాజుకి మూడు కిరీటాలు పెట్టి, ఒక లోకాన్ని సృష్టించామని జబ్బలు చరుచుకుంటారు. హైమావతి మూడు నెలలు ఒక్క మనిషినీ పుట్టించలేదు. ముందు నేల వాలు పెట్టింది. పడమట కొండలు, తూర్పున సముద్రం, మధ్యలో ఎక్కడ ఎంత ఎత్తో అంకెలు వేసింది. వాలు తెలిశాక నీళ్ళు వదిలింది. నీళ్ళు ఆగిన చోట ఊరు, ఆగని చోట బీడు. ఎవరికి నీళ్ళు తక్కువో తేలాక, ఎవరు ఎవరితో పోట్లాడతారో దానంతట అదే తేలింది.

తల్లి సూరమ్మగారు మొదట్లో విసుక్కునేది. “ఉన్న ఊళ్ళు చాల్లేదేటే నీకు?” అనేది. తర్వాత తర్వాత బియ్యం ఏరుకుంటూ వచ్చి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

“ఈ ఊరివాళ్ళు బట్టలెక్కడ ఉతుక్కుంటారే?” అని ఒకరోజు అడిగింది.

“ఇదిగో, ఈ కాలవలో.”

“అదే కాలవ కిందూరివాళ్ళు తాగుతారన్నావు కదే. వాళ్ళూరుకుంటారేటి?”

 హైమావతి సగం బ్లేడు తీసుకుని ఆ ఊరి కాలవ మొత్తం గీకేసింది. సిరా గీకాలంటే నా పైపొర తెగకుండా గీకాలి, మూడు రోజులు పట్టింది. ఊరికి ఉతుకుల చెరువు ఒకటి వేరే తవ్వించింది. ఆ చెరువు తవ్వకం దగ్గరే తర్వాత నవలలో పెద్ద తగాదా పుట్టింది. అక్కడి దూరాలకి మైళ్ళు లేవు. నిండు బిందె చంకన పెట్టుకుని ఆడమనిషి దించకుండా నడవగలిగినంత దూరం ఒక బిందె. సముద్రపు ఒడ్డున ఉన్న గవ్వలపాడు నుంచి పడమటి తొట్టికొండ అరవై నాలుగు బిందెలు. ఇలాంటి కొలత రాజుల చరిత్రల్లో దొరకదు.

నవల రాయడానికి రెండేళ్ళు పట్టింది. తొట్టికొండ దగ్గర నీళ్ళ తలుపు కాపలా కాసే పోలి అనే ఆమె కథ. తలుపు తీస్తే సొంత ఊరు ఎండుతుంది, మూస్తే కిందనున్న పదకొండు ఊళ్ళు ఎండుతాయి. హైమావతి దాన్ని సాపు రాసి, సొంత పేరుతో బెజవాడలోని పాలవెల్లి వారపత్రికకి పంపింది.

అప్పటి రోజుల గురించి కొంచెం చెప్పాలి. అప్పట్లో ఆడవాళ్ళ నవలలు వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోయేవి. దాంతో మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. మీసాలున్న శ్రీమతులు ప్రతి వీధిలోనూ ఒకరుండేవారు. పాలవెల్లి ఎడిటర్ చలమయ్యగారికి ఈ మోసం అంటే మహా కోపం. రాతప్రతి వాసన చూసి ఆడో మగో చెప్పేస్తానని ఆయనకి గొప్ప. పదిహేను రోజులకి హైమావతికి ఆయన కార్డు వచ్చింది.

“మిత్రమా, ఎత్తుపల్లాలూ తూములూ యుద్ధవ్యూహాలూ ఆడవారు రాసే విషయాలు కావు. ఆడపేరు వెనక దాక్కోవడం మీవంటి విద్యావంతులకి తగదు. ధైర్యంగా మీ పేరుతో పంపండి, పరిశీలిస్తాము.”

సూరమ్మగారు ఆ కార్డు రెండుసార్లు చదివించుకుంది. “నువ్వు నువ్వేనని ఎవరి చేత రాయించి పంపాలే ఇప్పుడు?” అంది. హైమావతి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు.

ఈ కార్డు కథ ఆఫీసులో ఒక్క సుందరేశంగారి చెవిన పడింది. ఆయన ఒక సాయంత్రం ఇంటికి వచ్చారు. పై అధికారి గుమ్మంలో నిలబడితే ఆ ఇంట్లో కుర్చీ తుడిచి, కాఫీ పెట్టారు. ఆయన నా మీదకి వంగి అంకెలు ఒక్కొక్కటే సరిచూశారు. ఆఫీసు పటంలో వెంట్రుకవాసి తేడా వస్తే ట్రేసింగు చింపి చేతిలో పెట్టే మనిషి. వాలునాడులో ఒక్క తప్పు దొరకలేదు ఆయనకి. నా తోబుట్టువుతో మొహం తుడుచుకుని అసలు సంగతి బయటపెట్టారు.

“శ్రీమతి మధుమాలతి ఎవరనుకుంటున్నావమ్మా? నేనే. నాలుగు నవలలొచ్చినాయి పాలవెల్లిలో. ఆవిడ మా ఇంటావిడనీ, గడప దాటదనీ చెప్పేను. చలమయ్యగారు వాసన చూసి ‘అచ్చమైన స్త్రీ హృదయం’ అన్నారు.”

“మరి నా నవల సంగతేంటండి?” అంది హైమావతి.

“మధుమాలతి పేరు మీద పంపుదాం. ఆయన రెండు పేజీలు చూసి తిప్పేసుంటారు, గుర్తుపట్టరు. వచ్చే వారమే వేస్తారు. ఆఖరి వారంలో అసలు రచయిత్రి గుడిమెట్ల హైమావతి అని నేనే వేయిస్తాను. ఆయ్, మాటిస్తున్నాను. అప్పటికి జనం నెత్తిన పెట్టుకుంటారు, ఇక ఎడిటరు కాదనలేడు.”

ఆమె ఎందుకు ఒప్పుకుందో నాకు అర్థం కాక చాలా ఏళ్ళు ఆమె మీద కూడా కోపంగా ఉండేదాన్ని. ఆయన వెళ్ళాక తల్లితో అన్న మాట ఒక్కటే. “రెండేళ్ళయిందమ్మా, పోలి ఇంకా మన వీధిగదిలోనే కూర్చుంది. ఎవరో ఒకళ్ళ ఇంటికి వెళ్ళనీ.” ముప్ఫై రెండు వారాలు ఆగితే పేరు దక్కుతుందనే ఆశ. పేరంటే చప్పట్ల కోసం కాదు. పదేళ్ళు ఇతరుల గీతలు ఎత్తిన మనిషి, ఈ గీతలు నావి అని ఒక్కసారి చెప్పుకోవాలనుకుంది.

సీరియల్ మొదలైంది. జనం నిజంగానే నెత్తిన పెట్టుకున్నారు. గురువారం పత్రిక రాగానే ఆఫీసులో పని ఆగిపోయేదని హైమావతి ఇంటికొచ్చి చెప్పేది. పోలిని తొట్టికొండ నుంచి దింపాలా వద్దా అని తోటి ట్రేసర్లు తన ఎదురుగానే కొట్టుకుంటుంటే, తను తల వంచుకుని ఎవరిదో డ్రైనేజీ కాలవ ఎత్తుకుంటూ కూర్చునేది.

ఏడో వారం ఆమె పత్రిక పట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడింది.  తను రాయని పేరా ఒకటి అందులో ఉంది. సముద్రపు ఒడ్డు నుంచి చంద్రవంక అనే నది పుట్టి, తొట్టికొండ కోట చుట్టూ ప్రవహిస్తుంటే, అందులో రాజకుమారి జలకాలాడుతోంది. వాలునాడులో రాజకుమారే లేదు. నది సంగతి చెప్పనే అక్కర్లేదు.

మర్నాడు సాయంత్రం సుందరేశంగారు తర్వాతి వారం ప్రతి కోసం వచ్చారు.

“సముద్రం దగ్గర పుట్టిన నది మూడొందల అడుగుల ఎత్తు కొండెక్కుతుందాండి?”

“కథే కదమ్మా.”

“కొండ మీద అంత నదుంటే పోలి తలుపు దగ్గర కాపలా దేనికండీ? పదకొండు ఊళ్ళు ఎందుకు ఎండుతాయండీ? మొత్తం నవలే లేదు కదండీ ఇంక!”

“పాఠకులకి నీళ్ళ లెక్కలు కావాలేటి? వెన్నెల కావాలి. మధుమాలతి అంటే ఓ వెన్నెల, ఓ జలకం ఉండాలి. లేపోతే చలమయ్యగారికి అనుమానం వస్తుంది.”

“ఇదే మాట ఆఫీసులో అంటే ఊరుకుంటారాండి మీరు? మొన్న తూము అడుగు పైకి గీశానని ట్రేసింగు చింపారు.”

“అది నిజం కాలవ కదమ్మా.”

ఆ మాట విన్నాక నాకు పుట్టిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. నిజం కాలవ అడుగు తప్పితే గోదావరి ఉంది, ఇంజనీర్లున్నారు, ఎవరో సరిచేస్తారు. వాలునాడుకి హైమావతి తప్ప దిక్కెవరు? ఆ ఊళ్ళు నిలబడేది ఒక్క నిజాయితీ మీదే. లేని దేశం కదా అని తప్పు రాసేవాడూ, చిన్నపిల్లలు చూడటం లేదు కదా అని పాలల్లో నీళ్ళు కలిపేవాడూ నా లెక్కలో ఒకటే.

ఆ వారం నుంచి ఆమె సుందరేశంగారితో ప్రతి పేజీకీ పోట్లాడింది. ఆయన ఒక రాజకుమారిని పెడితే తను తర్వాతి వారంలో ఆమెకి జ్వరం తెప్పించి మంచం మీద పడుకోబెట్టేది. నవలకి ఉత్తరాలు బస్తాలతో వచ్చాయి. నౌపడా ఉప్పుమళ్ళలో పనిచేసే ఒకాయన రాశాడు: “అమ్మా, గవ్వలపాడులో ఉప్పు ఆరబెట్టే పద్ధతి రాశారు. మా కాళ్ళు పగిలే చోటు కూడా తమరికి తెలుసు. తమరు మా ఉప్పుమళ్ళలో ఎప్పుడు పనిచేశారు?” ఆ ఉత్తరానికి జవాబు రాస్తానని హైమావతి బతిమాలింది. సుందరేశంగారు ఒప్పుకోలేదు. ముత్యాల్లాంటి దస్తూరీతో ‘మీ సోదరి మధుమాలతి’ అని ఆయనే రాసి పంపారు.

ముప్ఫై రెండో వారం వచ్చింది. చివరి పేజీలో కింద ‘అయిపోయింది’ అని ఉంది. దాని కింద, పాఠకుల కోరికపై శ్రీమతి మధుమాలతి త్వరలో రెండో భాగం రాస్తున్నారని ఉంది. హైమావతి పేరు ఎక్కడా లేదు. పేజీ తిప్పి అట్ట లోపల కూడా వెతికింది.

“ఎడిటరుగారు సాక్ష్యం అడుగుతున్నారమ్మా,” అన్నారు సుందరేశంగారు. “ఆ పటం ఓసారి ఇయ్యి. చూపించి, గీసిందీ రాసిందీ నువ్వేనని చెప్పి, రెండ్రోజుల్లో తెచ్చేస్తాను.”

ఇచ్చింది. సూరమ్మగారు వద్దని కళ్ళతో చెబుతున్నా ఇచ్చింది. నన్ను రేకు గొట్టంలో చుట్టి పెట్టి, మూత బిగించి, దుమ్ము పడకుండా చూడమని మరీ చెప్పింది. ఆ రెండు రోజులు ఇంకా అవలేదు.

బెజవాడలో నన్ను చలమయ్యగారి గదిలో, ఆయన కుర్చీ వెనక గోడకి తగిలించారు. నాలుగు నెలలకి ఒక మధ్యాహ్నం ఆ గదిలోకి హైమావతి వచ్చింది. ఒక్కత్తే, పొద్దున పాసింజరెక్కి వచ్చింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, కుర్చీలో కూర్చుంది.

“ఈ పటం నాదండి. ఆ నవల నేను రాసేనండి. తమరు ఆడపేరు వెనక దాక్కోవద్దని కార్డు రాశారు. నేను ఆడదాన్నేనండి, చూడండి,” అంది.

చలమయ్యగారు చెడ్డవాడు కాదు. మంచినీళ్ళు తెప్పించారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, జాలిగా అడిగారు.

“చూడమ్మా, మీ వెనక రాస్తున్న ఆయనెవరు? మీ ఆయనా?”

“నాకు పెళ్ళి కాలేదండి.”

“అయితే మీ నాన్నగారా?”

“పోయారండి. నా పదేళ్ళప్పుడు.”

“అన్నగారెవరైనా...?”

“లేరండి. మా అమ్మా నేనూ. నన్ను అడగండి ఏం కావాలో. గవ్వలపాడు నుంచి తొట్టికొండకి ఎన్ని బిందెలో అడగండి. ఉతుకుల చెరువు ఎవరు తవ్వించారో అడగండి. నవల్లో రానివి కూడా చెబుతాను. పోలి మేనత్త ఏ ఊరో అడగండి.”

ఆయన అడిగారు. ఒకటి కాదు, పది అడిగారు. నా వైపు తిరిగి వేలు పెట్టి చూపిస్తూ అడిగారు. ఆమె నా వైపు చూడకుండానే అన్నీ చెప్పింది. చంద్రవంక గురించి అడిగితే మాత్రం, “అది నాది కాదండి, ఆయన పారించింది,” అంది. చలమయ్యగారి మొహంలో మొదటిసారి తడబాటు కనిపించింది. ఇంకో రెండు నిమిషాలు ఆయన్ని ఒంటరిగా వదిలేస్తే ఈ కథ వేరేగా ఉండేది.

సరిగ్గా అప్పుడు సుందరేశంగారు రెండో భాగం మొదటి వారం ప్రతితో లోపలికి వచ్చారు. పరిస్థితి చూశారు. కంగారుపడతారేమోనని నేను ఆశగా చూశాను. ఆయన నవ్వారు.

“ఈ అమ్మాయా? మా ఆఫీసులో ట్రేసరండి. మా ఇంటావిడ పెన్సిలుతో గీసిస్తే దాన్ని గుడ్డ మీదకి ఎత్తింది. ట్రేసర్ల పని అదే కదండీ, సొంతంగా గీత గీయకూడదు. ఎత్తీ ఎత్తీ తనదే అనుకుంటోంది పాపం.”

చలమయ్యగారు ఊపిరి పీల్చుకున్నారు. అన్నీ సరిపోయాయి ఆయనకి. ట్రేసరు అన్న ఒక్క మాటతో సరిపోయాయి.

హైమావతి లేచి నిలబడింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకప్పటిదాకా తెలియదు. బయట అక్షరాలు కూర్చేవాళ్ళు కూడా పని ఆపి తొంగి చూశారు.

“ఎత్తానంటున్నారు కదండీ, దేని మీంచి ఎత్తాను? కింద పెట్టిన కాగితం ఏదీ? చూపించండి. ఇన్నేళ్ళ సర్వీసులో కింద కాగితం లేకుండా ఒక్క ట్రేసింగు పాసు చేశారా మీరు? నా దానికి కాగితం ఏదీ?”

సుందరేశంగారు రుమాలు తీశారు. “ఇంట్లో ఉందమ్మా,” అన్నారు.

“పట్రండి. ఇక్కడే కూర్చుంటాను.”

“ఇంక పోనివ్వమ్మా, ఎందుకొచ్చిన గొడవ,” అన్నారు చలమయ్యగారు. ఆయనకి ఆ క్షణంలో నిజం తెలుసు. ఆమె కళ్ళు తప్పించుకుని నా వైపు తిరిగినప్పుడు ఆయన మొహం దగ్గర నుంచి చూశాను. రెండో భాగం ప్రకటన ఇచ్చేశారు, అట్ట మీద బొమ్మ వేయించేశారు, వాసన చూసి చెప్పేస్తానన్న పేరు ఒకటి ఉంది. అన్నీ కలిసి ఆయన నోరు నొక్కేశాయి. తెలియక తప్పు చేసినప్పుడు ఆయన్ని వెక్కిరించి ఊరుకున్నాను. తెలిసి చేసిన ఈ తప్పుని మాత్రం ఊరికే వదలను.

ఆమె సాయంత్రం దాకా కూర్చుంది. ఆఫీసు తాళం వేస్తామంటే వెళ్ళింది.

రెండో భాగం సుందరేశంగారు నన్ను ఇంటికి తీసుకెళ్ళి నా ముందు కూర్చుని రాశారు, అయ్యాక మళ్ళీ అదే గోడకి చేర్చారు. నీళ్ళు చాలక ఒక బాల్‌పాయింట్ పెన్నుతో నా మీద చంద్రవంకని గీశారు, సముద్రం నుంచి కొండ మీదకి. మూడు కోటలు పెట్టారు. పోలికి వయసు తగ్గించి, పెళ్ళి చేశారు. అది బోల్తా కొట్టిందని చెబితే మీ మనసు చల్లబడేది. అదేం జరగలేదు. అదీ బాగానే ఆడింది, పుస్తకంగా వచ్చింది, సన్మానం జరిగింది. గడప దాటని ఆ ఇంటావిడ తరఫున శాలువా సుందరేశంగారు కప్పించుకున్నారు.

తర్వాత అందరూ వరసగా వెళ్ళిపోయారు. చలమయ్యగారు పోయారు. సుందరేశంగారు పోయారు. పాలవెల్లి మూతపడింది. ఆ ఆఫీసు సామానంతా బెజవాడలోనే ఒక గ్రంథాలయం వాళ్ళు తీసుకుని పెద్ద హాల్లో ప్రదర్శన పెట్టారు. నన్ను అద్దం వెనక బిగించి కింద ఇత్తడి మేకులతో చీటీ కొట్టారు: ‘సుప్రసిద్ధ రచయిత్రి శ్రీమతి మధుమాలతి స్వహస్తాలతో చిత్రించిన కాల్పనిక దేశపటం.’ స్వహస్తాలట. అసలు ఆ మనిషికి చేతులే లేవు.

మొన్న శ్రావణంలో ఒక పూట, హాల్లో ఎవరూ లేని వేళ, చేతికర్ర పట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. నా ముందు నిలబడి, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వంగి, పడమటి అంచు నుంచి మొదలుపెట్టి వరసగా చూస్తూ వచ్చింది. అలా చూసేది ట్రేసర్లే. అప్పుడు గుర్తుపట్టాను.

అరుస్తుంది అనుకున్నాను. అద్దం పగలగొట్టమంటుంది అనుకున్నాను. ఆమె సంచీలోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంది. పక్కన బల్ల దగ్గర కూర్చున్న లైబ్రేరియన్ నసీమాగారు లేచి వచ్చారు, నలభై దాటిన మనిషి, మర్యాదస్తురాలు.

“ఏమైనా కావాలా అండి?”

“అక్కబావికీ చెల్లెలిబావికీ మధ్య ఎన్ని బిందెలో మర్చిపోయానమ్మా. అది చూసుకుందామని వచ్చాను. ఏడున్నర. నేను ఎనిమిది అనుకుని మొన్న ఒక పెళ్ళి ఊరేగింపు నడిపించేశాను, ఇప్పుడది దిద్దుకోవాలి.”

నసీమాగారికి అర్థం కాలేదు. “ఈ పటం మీకు నచ్చిందా అండి?”

“పాతదైపోయింది. ఈ చెరువు పూడిపోయి పాతికేళ్ళు. ఈ ఊరివాళ్ళు పైకి వెళ్ళిపోయారు. పోలి మనవరాళ్ళు ఉప్పు మానేసి చేపలు ఎండబెడుతున్నారు. ఇప్పుడు పటం వేరేగా ఉంటుంది, ఇంటి దగ్గరుంది. పాత బావుల దూరాలు మాత్రం ఇందులోనే ఉన్నాయి.”

 ఇన్నేళ్ళు నేను గోడకి వేలాడుతూ ఆ దేశానికి కాపలా కాస్తున్నాననుకున్నాను. దేశం నా మీద నుంచి దిగి ఆమె వెంట ఎప్పుడో వెళ్ళిపోయింది. వాళ్ళు ఎత్తుకుపోయింది నన్నొక్కదాన్నే.

ఆమె వేలు అద్దం మీద చంద్రవంక దగ్గర ఆగింది. “ఇది మాత్రం అబద్ధం. దీన్ని నమ్మకండి.”

నసీమాగారు చిన్నగా నవ్వారు. “కల్పిత దేశమే కదండీ. ఎక్కడ పారితే ఏముందిలెండి.”

అప్పుడు చూడాలి. డెబ్భై ఏడేళ్ళ మనిషి, కర్ర నేలకి కొట్టింది.

“ఏముందా? పదకొండు ఊళ్ళు దాహంతో ఉన్నాయమ్మా అక్కడ! ఒక ముసలిది నలభై ఏళ్ళు నిద్ర లేకుండా తలుపు దగ్గర కూర్చుంది. కొండ మీద నదుందంటే ఆవిడ పిచ్చిదనే కదా అర్థం? ఆవిడ బతుకంతా దండగనే కదా? లేని మనుషులైతే మాత్రం, వాళ్ళని అబద్ధంలో చంపేస్తారా? నాకేం చేసినా ఊరుకున్నాను. వాళ్ళకి చేసింది మాత్రం ఊరుకోను.”

 నోటుబుక్కు సంచీలో పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది. చీటీ వైపు ఆమె కన్నెత్తి చూడనేలేదు.

 నసీమాగారు నాకు దగ్గరగా వచ్చి, తూర్పు అంచున సముద్రం దగ్గర వేలు పెట్టారు. అంకెలు ఒక్కొక్కటే పైకి చదువుతూ కొండ వైపు వేలు జరిపారు. పది, నలభై, నూట పది, మూడొందలు. వేలు ఆగిపోయింది.

“ఎక్కదు,” అన్నారు. “నీళ్ళు ఇటు ఎక్కవు కదా, అల్లా!”

పేరు అడగాలని గేటు దాకా పరిగెత్తారు. ఆటో వెళ్ళిపోయింది. తిరిగి వచ్చి, స్క్రూడ్రైవరు తెచ్చుకుని, నా కింది చీటీ మేకులు నాలుగూ పీకేశారు. కొత్త చీటీ రాద్దామని కాగితం ముందేసుకుని కూర్చున్నారు. ఏం రాయాలో తెలియదు పాపం. ఇవాళ్టికి పదకొండు రోజులు, ఆ కాగితం అలాగే తెల్లగా ఉంది.

ఆవిడకి వినిపించేలా చెప్పే నోరు నాకు లేదు. మీరు ఇంతదాకా విన్నారు కాబట్టి మీకు చెబుతున్నాను. బెజవాడ వెళ్ళినప్పుడు ఆ హాలుకి వెళ్ళి నసీమాగారికి చెప్పండి. గుడిమెట్ల హైమావతి, ట్రేసరు. రాసుకోండి.